కర్తలు ఇద్దరైతే క్రియ ఏమవుతుంది? ఇంగ్లీషులో ఈజ్, ఆర్ తేల్చుకునే పద్ధతి

బడి గోడల మీద మనలో చాలామంది చదివిన సామెతలు రెండున్నాయి. ఒకటి "స్లో అండ్ స్టెడీ విన్స్ ద రేస్". ఇంకొకటి "టైమ్ అండ్ టైడ్ వెయిట్ ఫర్ నో మ్యాన్". రెండింటిలోనూ మధ్యలో 'అండ్' ఉంది, దానికి అటూ ఇటూ చెరో మాట ఉంది. అయినా మొదటిదానిలో 'విన్స్' అని చివర స్ చేరింది, రెండోదానిలో ఉత్త 'వెయిట్' మాత్రమే ఉంది. రెండూ సరైనవే. ఈ తేడా ఎందుకొచ్చిందో తెలిస్తే ఈ పాఠంలో సగం తెలిసినట్టే.

ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలకు కొన్నేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. టెన్సులు బాగా వచ్చినవాళ్లు కూడా ఇద్దరు కర్తలు కనిపించగానే తడబడతారు. అది వాళ్ల తెలివికి సంబంధించిన విషయం కాదు. తెలుగు చెవికి ఈ లెక్క కొత్త.

ఎందుకు కొత్తో చూడండి. "రవి, కిరణ్ నా స్నేహితులు" అంటాం. ఇందులో క్రియే లేదు. ఇంగ్లీషులోకి వెళ్లగానే మన వాక్యంలో లేని 'ఆర్'ని కొత్తగా తెచ్చి పెట్టాలి. "అమ్మా రాలేదు, నాన్నా రాలేదు, పిల్లలూ రాలేదు" అంటాం. ఒక్కరు రాకపోయినా పదిమంది రాకపోయినా 'రాలేదు' అన్న మాట మారదు. ఇంగ్లీషులో మాత్రం ఆ చోటే 'హ్యాజ్ నాట్ కమ్' అనాలా, 'హ్యావ్ నాట్ కమ్' అనాలా అని ఆగిపోతాం. ఇక "మా సార్ వచ్చారు" అన్నప్పుడు వచ్చింది ఒక్కరే, క్రియ మాత్రం బహువచనం. గౌరవం కోసం పెట్టే బహువచనం ఇంగ్లీషు క్రియకు లేదు. ఎంత పెద్దవారైనా ఒక్కరైతే 'ఈజ్' అనే అనాలి.

తెలుగులో మనం చూసేది ఎంతమంది, ఎవరు, వాళ్లకు ఎంత మర్యాద ఇవ్వాలి అన్నది. ఇంగ్లీషులో ముందు చూడాల్సింది కర్తలను కలిపిన మాట. అది అండా, ఓరా, అలాంగ్ విత్తా అన్నదాన్ని బట్టే చాలావరకు క్రియ తేలిపోతుంది. కింది అడుగులన్నీ ఆ చూపును అలవాటు చేయడానికే.

(ఒక చిన్న మాట. ఇంగ్లీషు మాటలను మన లిపిలో రాస్తున్నాను కాబట్టి, క్రియను 'ఆర్' అని, 'లేదా' అనే అర్థమున్న మాటను 'ఓర్' అని రాస్తాను. రెండూ కలిసిపోకుండా ఉంటాయి.)

మొదటి అడుగు: అసలు తేడా కనిపించే చోటేనా?

చాలామంది అక్కర్లేని చోట కూడా టెన్షన్ పడతారు. విల్, కెన్, మస్ట్, షుడ్ లాంటివి ఉంటే కర్త ఒక్కరైనా వందమందైనా క్రియ మారదు. వెంట్, కేమ్, సా లాంటి గతకాలపు మాటలూ మారవు. "రవి వెంట్", "రవి అండ్ కిరణ్ వెంట్", అంతే. తేడా వచ్చేది ఈజ్-ఆర్, వాజ్-వర్, హ్యాజ్-హ్యావ్, డజ్-డూ దగ్గర, ఇంకా 'ప్లేస్-ప్లే' లాంటి వర్తమానకాలపు క్రియల దగ్గర. వాక్యంలో వీటిలో ఏదీ లేకపోతే మీకు పనే లేదు, ముందుకు సాగిపోండి.

స్ విషయంలో ఇంకో సంగతి గుర్తుంచుకోండి. పేరుకు స్ చేరితే బహువచనం, క్రియకు స్ చేరితే ఏకవచనం. "ద బాయ్ ప్లేస్, ద బాయ్స్ ప్లే." తేలిక వాక్యాల్లో స్ సాధారణంగా ఏదో ఒక వైపే ఉంటుంది. పాత ఇంగ్లీషులో కర్తను బట్టి క్రియ చివర మారే ప్రత్యయాలు ఇంకా చాలా ఉండేవి. అవన్నీ అరిగిపోగా మామూలు క్రియలకు ఈ ఒక్క స్ మిగిలింది.

రెండో అడుగు: నిజమైన కర్తను పట్టుకోండి

క్రియ దగ్గర నిలబడి "ఎవరు?" లేదా "ఏది?" అని అడగండి. ఇక్కడ ఎక్కువమంది పడే గుంత 'ఆఫ్' దగ్గర ఉంది.

"ద ప్రైస్ ఆఫ్ రైస్ అండ్ దాల్ హ్యాజ్ గాన్ అప్." ఇందులో అండ్ కనిపించగానే 'హ్యావ్' రాసేస్తారు. పెరిగింది ఏది? ప్రైస్. ఒక్కటే. రైస్, దాల్ రెండూ ఆఫ్ వెనక ఉన్నాయి కాబట్టి వాటికి క్రియ మీద హక్కు లేదు. మనం "బియ్యం, పప్పు ధరలు పెరిగాయి" అంటాం, అందుకే చేయి బహువచనం వైపు వెళ్తుంది. బహువచనమే కావాలంటే కర్తనే మార్చండి: "ద ప్రైసెస్ ఆఫ్ రైస్ అండ్ దాల్ హ్యావ్ గాన్ అప్." కాబట్టి ఆఫ్‌తో మొదలయ్యే ముక్క మీద వేలు పెట్టి మూసి, మిగిలినది చదవండి. పరీక్షలో పెన్సిల్‌తో గీత కొట్టినా సరే.

తెలుగు నుంచి వచ్చే ఇంకో చిక్కు పాలు, నీళ్లు. మనకు ఇవి బహువచనాలు: పాలు విరిగాయి, నీళ్లు వచ్చాయి. ఇంగ్లీషులో మిల్క్, వాటర్ ఏకవచనాలు, "ద మిల్క్ ఈజ్ హాట్" అనాలి. అయితే "మిల్క్ అండ్ షుగర్ ఆర్ ఆన్ ద టేబుల్" అన్నప్పుడు ఆర్ వస్తుంది. పాలు బహువచనం కావడం వల్ల కాదు, వస్తువులు రెండు కాబట్టి.

మూడో అడుగు: కలిపిన మాట అండ్ అయితే

మామూలుగా బహువచనం. "రవి అండ్ కిరణ్ ఆర్ మై ఫ్రెండ్స్." "యూ అండ్ ఐ ఆర్ లేట్." "ఎ డాగ్ అండ్ ఎ క్యాట్ లివ్ హియర్." ముందు 'బోత్' ఉంటే ఇక సందేహమే అక్కర్లేదు. నిజానికి ఇక్కడ తెలుగుకన్నా ఇంగ్లీషు తేలిక. "రైతు, ఎద్దులు పొలానికి..." అని మొదలుపెడితే 'వెళ్తున్నారు' అనాలా 'వెళ్తున్నాయి' అనాలా అని మనమే ఆగిపోతాం. ఇంగ్లీషులో మనిషైనా పశువైనా 'ఆర్' ఒక్కటే.

అండ్ ఉన్నా ఏకవచనం వచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి. ఆ సామెతల జవాబు ఇక్కడే ఉంది.

స్లో, స్టెడీ రెండు వస్తువులు కావు. నెమ్మదిగా, నిలకడగా సాగడమనేది ఒకే తీరు. గెలిచేది ఆ ఒక్క తీరు, అందుకే 'విన్స్'. టైమ్, టైడ్ మాత్రం దేనికది వేరు. రెండూ ఆగవు, అందుకే 'వెయిట్'. భోజనం విషయంలోనూ ఇదే చూపు. "ఇడ్లీ అండ్ సాంబార్ ఈజ్ మై ఫేవరెట్ బ్రేక్‌ఫాస్ట్" అంటే రెండూ కలిసి ఒక టిఫిన్. హోటల్లో పేరు చదివి తెప్పించుకునే ఒక్క ప్లేటు. అదే వంటింట్లో ఇడ్లీలు ఒక గిన్నెలో, సాంబార్ ఇంకో గిన్నెలో ఉంటే "ద ఇడ్లీ అండ్ ద సాంబార్ ఆర్ ఇన్ ద కిచెన్". ఇంగ్లీషువాళ్ల బ్రెడ్ అండ్ బటర్ కూడా ఇంతే. రాసిన వెన్నతో ఉన్న రొట్టె అయితే ఈజ్, కొట్లో విడివిడిగా కొనేవైతే ఆర్. మీ మనసులో ఉన్నది ఒకటా రెండా అని మిమ్మల్ని మీరే అడగండి. అర్థాన్ని బట్టి తేల్చుకోవాల్సిన చోటు ఇది.

ఒకే మనిషికి రెండు పదవులు ఉన్న సందర్భం తర్వాతిది. "ద సెక్రటరీ అండ్ ట్రెజరర్ ఈజ్ ప్రెజెంట్" అంటే కార్యదర్శి, కోశాధికారి ఒక్కరే. "ద సెక్రటరీ అండ్ ద ట్రెజరర్ ఆర్ ప్రెజెంట్" అంటే ఇద్దరు. 'ద' ఒక్కసారి వచ్చిందా, రెండుసార్లు వచ్చిందా అని చూడమని పరీక్షల పుస్తకాలన్నీ చెబుతాయి. ఈ గుర్తు పరీక్షల్లో బాగా పనికొస్తుంది. కానీ దాన్ని గుడ్డిగా నమ్మొద్దు. "ద బ్రైడ్ అండ్ గ్రూమ్ ఆర్ ఆన్ ద స్టేజ్" అన్నదానిలో 'ద' ఒక్కటే, అయినా వధూవరులు ఇద్దరే కదా. "మై మదర్ అండ్ ఫాదర్ ఆర్ కమింగ్" కూడా అలాంటిదే. ఇద్దరు కాక వేరే దారి లేని చోట అర్థమే గెలుస్తుంది.

ఈచ్, ఎవ్రీ ముందుంటే అండ్ ఎన్నిసార్లు వచ్చినా ఏకవచనమే. "ఎవ్రీ బాయ్ అండ్ గర్ల్ హ్యాజ్ ఎ ట్యాబ్." ఒక్కొక్కరినీ విడిగా చూస్తున్నాం కాబట్టి. అయితే ఈచ్ తన చోటు మారి, బహువచన కర్త తర్వాత వచ్చి కూర్చుంటే దాని బలం పోతుంది: "ద బాయ్స్ అండ్ గర్ల్స్ ఈచ్ హ్యావ్ ఎ ట్యాబ్." ఇది చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు కూడా తొందరలో మర్చిపోతారు. ఈచ్ కనిపించగానే హ్యాజ్ అని రాసేయకండి, అది ముందుందో వెనకుందో చూడండి.

లెక్కల్లో "టూ అండ్ టూ ఈజ్ ఫోర్" అన్నా, "ఆర్ ఫోర్" అన్నా తప్పు లేదు.

నాలుగో అడుగు: ఓర్, నార్ అయితే

ఇక్కడ లెక్కపెట్టకండి. క్రియకు దగ్గరగా ఉన్న కర్త ఎవరో చూసి, క్రియను వాళ్లకు సరిపెట్టండి. ఐదర్-ఓర్, నైదర్-నార్, నాట్ ఓన్లీ-బట్ ఆల్సో అన్నింటికీ ఇదే పద్ధతి.

"నైదర్ ద టీచర్ నార్ ద స్టూడెంట్స్ వర్ ఇన్ ద క్లాస్." దగ్గరున్నది స్టూడెంట్స్, కాబట్టి వర్. తిప్పి రాస్తే "నైదర్ ద స్టూడెంట్స్ నార్ ద టీచర్ వాజ్ ఇన్ ద క్లాస్". ఇది కూడా నియమం ప్రకారం సరైనదే, కానీ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. అందుకని సొంతంగా రాసేటప్పుడు బహువచనంలో ఉన్నదాన్ని రెండో చోట పెట్టండి. నియమమూ నిలుస్తుంది, చెవీ ఒప్పుకుంటుంది. పరీక్షలో ఇచ్చిన వాక్యాన్ని మార్చే వీలు ఉండదు కాబట్టి అక్కడ ఉన్నదున్నట్టు చూసుకోవాలి.

రెండు వైపులా ఒక్కొక్కరే ఉంటే ఏకవచనమే. "ఐదర్ రవి ఓర్ కిరణ్ ఈజ్ కమింగ్." మనం "రవి గానీ కిరణ్ గానీ వస్తారు" అంటూ బహువచనంలోకి జారిపోతాం, అందుకే ఇక్కడ 'ఆర్' రాసేవాళ్లు ఎక్కువ. రెండు పేర్లు వినిపించినా వచ్చేది ఒక్కరే అని గుర్తుపెట్టుకోండి.

ప్రశ్నలో క్రియ ముందుకు వస్తుంది. అప్పుడు దానికి దగ్గరయ్యేది మొదటి కర్త. "డజ్ యువర్ బ్రదర్ ఓర్ యువర్ సిస్టర్స్ లివ్ హియర్?" డజ్ పక్కన ఉన్నది బ్రదర్, కాబట్టి డజ్.

నేను, నువ్వు వచ్చి చేరితే చిక్కు పెరుగుతుంది. "ఐదర్ యూ ఓర్ ఐ యామ్ టు గో" నియమానికి సరిపోతుంది. నిత్యం ఇలా ఎవరూ మాట్లాడరు. మెయిల్‌లోనో ఉత్తరంలోనో అయితే "ఐదర్ యూ ఓర్ ఐ షుడ్ గో" అని రాయండి. మొదటి అడుగులో చెప్పుకున్నట్టు షుడ్ దగ్గర తేడా రాదు, చిక్కు విడిపోతుంది.

ఐదో అడుగు: అలాంగ్ విత్ వచ్చినప్పుడు

అలాంగ్ విత్, టుగెదర్ విత్, యాజ్ వెల్ యాజ్, ఇన్ అడిషన్ టు, ఇంక్లూడింగ్. అర్థంలో ఇవన్నీ అండ్‌లాగే ఉంటాయి. వ్యాకరణంలో కావు. వీటితో వచ్చేవాళ్లు తోడు వచ్చినవాళ్లే గానీ కర్తలు కారు. క్రియ అసలు కర్తను చూసే నడుస్తుంది. "ద కలెక్టర్, అలాంగ్ విత్ ద ఆఫీసర్స్, హ్యాజ్ కమ్." వచ్చింది పదిమంది కావచ్చు, అయినా హ్యాజ్.

తెలుగువాళ్లు ఎక్కువ తప్పులు చేసేది ఇక్కడే. దానికి కారణం మన వాక్యం తీరులోనే ఉంది. రెండు తెలుగు వాక్యాలు చూడండి.

కలెక్టరుతో పాటు అధికారులు వచ్చారు.
అధికారులతో పాటు కలెక్టరు వచ్చారు.

రెండింటిలోనూ క్రియ 'వచ్చారు'. మొదటిదానిలో అధికారులు చాలామంది కాబట్టి, రెండోదానిలో కలెక్టరుకు గౌరవం కాబట్టి. తెలుగులో తేడా లేదు. ఇంగ్లీషులో ఉంది. మొదటిది "ది ఆఫీసర్స్, అలాంగ్ విత్ ద కలెక్టర్, హ్యావ్ కమ్" అవుతుంది. రెండోది "ద కలెక్టర్, అలాంగ్ విత్ ది ఆఫీసర్స్, హ్యాజ్ కమ్".

వరస కూడా ఎలా తిరగబడిందో గమనించండి. తెలుగులో 'తో పాటు' అంటుకున్న తోడు మనిషి ముందు వస్తాడు, అసలు కర్త తర్వాత వస్తాడు. ఇంగ్లీషులో అసలు కర్త ముందు, తోడు తర్వాత. తెలుగు వరసను అలాగే మోసుకెళ్లి "ద కలెక్టర్ అలాంగ్ విత్ ది ఆఫీసర్స్" అని మొదలుపెడితే, మనకు తెలియకుండానే కర్త మారిపోతుంది. ఆపైన మనసులో ఉన్న అధికారులను తలచుకుని 'హ్యావ్' రాస్తాం. ఒకే వాక్యంలో రెండు తప్పులు.

కాబట్టి ఇలా చేయండి. తెలుగు వాక్యంలో 'తో పాటు', 'తో సహా' ఎవరికి అంటుకుందో గుర్తించండి. ఆ మనిషిని పక్కన పెట్టండి. మిగిలినవాళ్లతో ఇంగ్లీషు వాక్యం మొదలుపెట్టి, వాళ్లకే క్రియను సరిపెట్టండి. పక్కన పెట్టినవాళ్లను రెండు కామాల మధ్య చేర్చండి. "మామయ్య కుటుంబంతో సహా వస్తున్నారు" అంటే 'తో సహా' అంటుకున్నది కుటుంబానికి. మిగిలింది మామయ్య, ఒక్కరే. "మై అంకుల్, అలాంగ్ విత్ హిజ్ ఫ్యామిలీ, ఈజ్ కమింగ్."

ఆఫీసు మెయిల్స్‌లో రోజూ ఎదురయ్యే వాక్యం ఒకటుంది. "ఐ, అలాంగ్ విత్ మై టీమ్, యామ్ రెడీ." ఐ ఉంది కాబట్టి యామ్ అనే రావాలి. 'ఆర్ రెడీ' అని రాసినవి ఎన్నో చూశాను. యామ్ రాయడానికి చేయి రాకపోతే, కలిపే మాటను మార్చేయండి: "మై టీమ్ అండ్ ఐ ఆర్ రెడీ." ఇది సూటిగా ఉంది, తప్పు పట్టడానికి వీల్లేదు. చెప్పాలంటే నా పిల్లలకు నేను ఇచ్చే సలహా ఇదే. ఇద్దరూ సమానమైన కర్తలని మీకు అనిపిస్తే అలాంగ్ విత్ జోలికి పోకుండా నేరుగా అండ్ వాడండి. తోడు వచ్చినవాళ్లని నిజంగా అనిపించినప్పుడే అలాంగ్ విత్.

'నాట్' పెట్టి పక్కకు నెట్టినవాళ్లు కూడా లెక్కలోకి రారు. "రవి, నాట్ హిజ్ బ్రదర్స్, ఈజ్ ద ఓనర్."

ఆరో అడుగు: దేర్ ముందుంటే

"దేర్ ఆర్ ఎ చైర్ అండ్ టూ టేబుల్స్ ఇన్ ద రూమ్." దేర్ కర్త కాదు, కర్తలు వెనక ఉన్నారు. అండ్‌తో కలిశారు కాబట్టి ఆర్. మాటల్లో చాలామంది పక్కనే ఉన్న 'ఎ చైర్'ని చూసి 'దేర్ ఈజ్' అంటారు, బాగా రాసేవాళ్లలోనూ అలా రాసేవాళ్లున్నారు. పరీక్షలో ఆర్ పెట్టండి. సొంతంగా రాసేటప్పుడు వరస మార్చితే గొడవే ఉండదు: "దేర్ ఆర్ టూ టేబుల్స్ అండ్ ఎ చైర్."

విదేశాల్లో పిల్లలున్నవాళ్లు అడిగే ప్రశ్న ఒకటి. బ్రిటన్‌లో "ద టీమ్ ఆర్ ప్లేయింగ్" అని వినిపిస్తుంది, అమెరికాలో ఎక్కువగా "ద టీమ్ ఈజ్ ప్లేయింగ్" అంటారు. ఏ దేశపు పద్ధతి పాటిస్తే చివరిదాకా అదే పాటించండి. "ద టీమ్ అండ్ ద కోచ్" అన్నారంటే మాత్రం రెండు దేశాల్లోనూ ఆర్.

ఇప్పుడు మీరు చేయండి

జవాబులు వెంటనే చూడకుండా, కలిపిన మాట కింద గీత గీసి ఆలోచించండి.

1. నైదర్ ద డ్రైవర్ నార్ ద ప్యాసింజర్స్ (వాజ్ / వర్) హర్ట్.
2. ద కాస్ట్ ఆఫ్ సీడ్స్ అండ్ ఫెర్టిలైజర్స్ (హ్యాజ్ / హ్యావ్) గాన్ అప్.
3. ద బ్రైడ్, యాజ్ వెల్ యాజ్ హర్ పేరెంట్స్, (ఈజ్ / ఆర్) హియర్.
4. ఎవ్రీ విలేజ్ అండ్ టౌన్ (హ్యాజ్ / హ్యావ్) ఎ స్కూల్.
5. వేర్ (ఈజ్ / ఆర్) యువర్ మదర్ అండ్ ఫాదర్?
6. ద డైరెక్టర్ అండ్ ప్రొడ్యూసర్ ఆఫ్ దిస్ ఫిల్మ్ (ఈజ్ / ఆర్) ఫ్రమ్ గుంటూరు.

మొదటిదానిలో నార్ ఉంది, దగ్గరున్నది ప్యాసింజర్స్, కాబట్టి వర్. రెండోదానిలో ఆఫ్ వెనక ఉన్నవాటిని మూసేస్తే మిగిలేది కాస్ట్ ఒక్కటే, హ్యాజ్. మూడోదానిలో తల్లిదండ్రులు తోడు వచ్చినవాళ్లు, కర్త పెళ్లికూతురు ఒక్కతే, ఈజ్. నాలుగోదానిలో ఎవ్రీ ముందుంది, హ్యాజ్. ఐదోదానిలో క్రియ ముందుకొచ్చినా కర్తలు వెనక అండ్‌తో కలిసి ఉన్నారు, ఆర్. మన అలవాటు "మీ అమ్మా నాన్నా ఎక్కడ?" అని క్రియ లేకుండా అడగడం, అందుకే ఇక్కడ నోటికి ముందు 'ఈజ్' వస్తుంది, జాగ్రత్త.

ఆరోదానిలో 'ద' ఒక్కటే ఉంది కాబట్టి దర్శకుడు, నిర్మాత ఒక్కరే, పరీక్షలో ఈజ్. అదే వాక్యం మీరు రాస్తున్నారనుకోండి, మీకు తెలిసిన దర్శకుడు వేరు, నిర్మాత వేరు అయితే, రెండో 'ద' చేర్చి ఆర్ పెట్టండి. చదివేవాళ్లకు ఆ సినిమా తీసింది ఒక్కరా ఇద్దరా అన్నది చెప్పేది ఆ చిన్న మాటే.